కొండ మీద బి.పి.

మా ఊరి ప్రభుత్వాసుపత్రికి రోగులు తప్ప మరెవరూ రావడం లేదన్న సంగతి పై అధికారులు ఎంతో శ్రమపడి కనిపెట్టారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళంతా గుడికీ, మసీదుకీ, చర్చికీ తండోపతండాలుగా వెళ్తున్నారట. ఆసుపత్రికి మాత్రం దగ్గేవాళ్ళూ, మూలిగేవాళ్ళూ, నెలలు నిండినవాళ్ళూ వస్తున్నారట. ఇలాంటి జనాన్ని పెట్టుకుని ఏ శాఖ మాత్రం వృద్ధిలోకొస్తుంది? అందుకని "ఆరాధనతో ఆరోగ్యం" అనే పథకం పుట్టింది.

నా పేరు యేసుపాదం. నరసింగపాలెంలో ఆసుపత్రికి ఎదురుగా నాది ఇడ్లీ కొట్టు. ఆసుపత్రి కళకళలాడితే నా కొట్టూ కళకళలాడుతుంది. కాబట్టి ఈ చెప్పేదాంట్లో నా స్వార్థం ఉందని ఎవరైనా అంటే కాదనను. కానీ అసలు బాధ ఇడ్లీల గురించి కాదు, మా చెల్లెలి గురించి.

పథకం ప్రారంభోత్సవానికి ప్రత్యేకాధికారి చిదంబరేశ్వరరావు గారు వచ్చారు. కొండ మీది నరసింహస్వామి గుడి అర్చకులు శఠగోపాచార్యులు గారినీ, మసీదు మౌల్వీ గారినీ, మా పాస్టరు ఏబేలు గారినీ వేదిక ఎక్కించి శాలువాలు కప్పారు. మంచి ఎండాకాలం. ముగ్గురూ శాలువాల్లో చెమటలు కారుతూ కూర్చుంటే, అధికారి గారు మాట్లాడారు. "విశ్వాస సముదాయముల నైతిక ప్రాబల్యమును ఆరోగ్య సేవల సాంకేతిక సామర్థ్యముతో సమ్మిళితం చేయుట ద్వారా సంక్షేమము గడపగడపకూ ప్రవహించగలదు" అన్నారు. ఎవరికీ అర్థం కాలేదు గనక అందరం చప్పట్లు కొట్టాం.

ఆలోచన చెడ్డదేం కాదు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. షుగరు పరీక్ష చేయించుకోమని డాక్టరు చెబితే మావాళ్ళు రేపొస్తామంటారు. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారు చెబితే మర్నాడే బయల్దేరతారు. పండగనాడు గుడి దగ్గరో మసీదు దగ్గరో ఒక బల్ల వేసి పరీక్షలు చేసి, మిగతా రోజుల్లో ఆసుపత్రి తెరిచి ఉంచితే ఎవరికి నష్టం? ఆచార్యులు గారు వేదిక మీద సరిగ్గా ఇదే అడిగారు. అధికారి గారు ఆయనకి ఇంకో శాలువా కప్పించారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అందరికంటే ఎక్కువ జనం వచ్చేది గుడికి కాబట్టి డాక్టరు మృణాళిని గారికి కొండ మీద డ్యూటీ వేశారు. నర్సమ్మని మా చర్చికీ, రక్త పరీక్షలు చేసే కుర్రాణ్ణి మసీదుకీ పంపారు. వాళ్ళు అక్కడే ఉన్నట్టు ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి; గంటకోసారి ఆ ఫోను వాళ్ళెక్కడున్నారో పైకి చెబుతుంది. ఆసుపత్రి ఖాళీగా ఉండటం బాగుండదని దాంట్లో పథకం ఫ్లెక్సీలు పేర్చి తాళం వేశారు.

గుడి కొండ మీద ఉంది. మెట్లు ఎన్నున్నాయో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు, లెక్కపెట్టేవాళ్ళకి మధ్యలో ఆయాసం వచ్చి లెక్క తప్పిపోతుంది. దర్శనం అయ్యాక భక్తులు దిగిపోయే తొందరలో ఉంటారు గనక, వాళ్ళు ఎక్కిరాగానే ధ్వజస్తంభం పక్కన కూర్చోబెట్టి బి.పి. చూడాలని ఉత్తర్వు. డాక్టరమ్మ చూసింది. నరసింగపాలెంలో బి.పి. లేనివాడు లేడు. పెళ్ళయి మొక్కు తీర్చుకోవడానికొచ్చిన కొత్తజంటకి బి.పి. కొండ మీదికి కట్టెలమోపు మోసుకొచ్చిన వంటాయనకైతే మిషనులో అంకెలే చాలలేదు.

కాసేపు కూర్చోబెట్టి చూస్తే తగ్గిపోతుందండీ అని డాక్టరమ్మ పైకి రాసింది. దానికి చిదంబరేశ్వరరావు గారు ఇచ్చిన జవాబు ఇప్పటికీ గుడి గోడ మీద అంటించి ఉంది: "విశ్రాంతి తీసుకున్నచో మాయమగు వ్యాధిని ఇక గుర్తించుట ఎప్పుడు?"

అదే నెలలో రంజానొచ్చింది. రోజంతా ఉపవాసం ఉన్నవాళ్ళు సాయంత్రం ఖర్జూరాలు నోట్లో వేసుకుని షర్బతు తాగగానే, కుర్రాడు వేలు గుచ్చి చూశాడు. మసీదంతా షుగరే. మా చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. మధ్యాహ్నం దాటాక ఆడవాళ్ళు లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి కదా, నర్సమ్మ అందరి కంటిరెప్పలూ దించి చూసి రక్తహీనత అని రాసుకుంది. పాపం ఆవిడా ఉపవాసంలోనే ఉంది. తన పేరు కూడా రాసుకుంది.

ఈ అంకెలన్నీ పైకి వెళ్ళాక అధికారులకి కళ్ళు తెరుచుకున్నాయి. గుడికి వెళ్ళేవాళ్ళకి రక్తపోటు, మసీదుకి వెళ్ళేవాళ్ళకి మధుమేహం, చర్చికి వెళ్ళేవాళ్ళకి రక్తహీనత అని తేలిపోయింది. ఇంతకాలం వైద్యశాస్త్రం కనిపెట్టలేనిది మా జిల్లా కనిపెట్టినందుకు చిదంబరేశ్వరరావు గారికి రాజధానిలో సన్మానం జరిగింది. ఆయన తిరిగొచ్చి, మందుల వృథా అరికట్టడానికి బి.పి. మాత్రలు కొండ మీద మాత్రమే, షుగరు మాత్రలు మసీదులో మాత్రమే, రక్తం పట్టే మాత్రలు చర్చిలో మాత్రమే ఇవ్వాలని ఆదేశించారు.

మా ఊరి జబ్బులకి ఈ ఆదేశం తెలియదు. ఆచార్యులు గారికి ఎప్పట్నుంచో షుగరు. మౌల్వీ గారికి బి.పి.తో పాటు మోకాళ్ళ నొప్పులు. ఆచార్యులు గారు రోజూ కొండ దిగి నా కొట్టు ముందున్న బల్ల మీద కాసేపు కూర్చుంటారు. నా దగ్గర ఏమీ తినరు, పేపరు చదువుతారు. మౌల్వీ గారు కూడా అక్కడికే వచ్చేవారు. ఈయన పంచె మడతలోంచి బి.పి. మాత్రలు తీసి ఆయనకిచ్చేవారు, ఆయన జుబ్బా జేబులోంచి షుగరు మాత్రలు తీసి ఈయనకిచ్చేవారు. మా చెల్లెలి బి.పి. మాత్రలు కూడా ఆచార్యులు గారే తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఇదెవరో ఫోనులో వీడియో తీసి పైకి పంపారు. "మతాంతర మాత్రల మార్పిడి" జరుగుతున్నట్టు గుర్తించి, ఇకమీదట ఏ మాత్రైనా ఇచ్చినచోటే, సిబ్బంది ఎదుటే మింగాలని తాఖీదు పంపారు.

ఇక మా చెల్లెలి సంగతి. సువార్త మొదటి కాన్పులో బి.పి. పెరిగిపోయి బిడ్డ దక్కలేదు. తను దక్కడమే మా అదృష్టం అన్నారు. మళ్ళీ ఇన్నాళ్ళకి నీళ్ళోసుకుంది. దాని మొగుడు దానియేలు లారీ మీద పోతే నెలకోసారి గాని రాడు, అందుకని ముందే మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆసుపత్రి తెరిచి ఉన్న రోజుల్లో డాక్టరమ్మ దానికి మరీ మరీ చెప్పింది: వారంవారం బి.పి. చూపించుకో, మాత్ర మానకు, కాళ్ళు వాచినా తల పగిలేలా నొప్పొచ్చినా పరిగెత్తుకురా అని. రోడ్డు దాటితే ఆసుపత్రి. పరిగెత్తడానికి ఇబ్బందేం ఉంటుంది అనుకున్నాం.

తాఖీదు వచ్చాక ఇక లాభం లేదని పట్నం వెళ్ళి చిదంబరేశ్వరరావు గారిని కలిశాను. ఆయన చాలా మర్యాదగా కూర్చోమన్నారు.

"మీ సోదరి ఏ విశ్వాస సముదాయమునకు చెందినవారు?"

"చర్చికెళ్తాదండి."

"అయితే వారికి రక్తహీనత."

"రక్తం బాగానే ఉందండి. బి.పి. అండి, దానికి. డాక్టరమ్మే చెప్పిందండి."

ఆయన నన్ను జాలిగా చూసి, గోడ మీది రంగురంగుల పటం వైపు తిరిగారు. క్రైస్తవులలో రక్తపోటు నమోదు కాలేదనీ, మా చెల్లెలు ఒక్కదాని కోసం జిల్లా గణాంకాలను భంగపరచడం భావ్యం కాదనీ వివరించారు. అయినా పథకం అందరిదీ, గుడి మెట్ల దగ్గర ఎవరినీ ఆపరు, నిరభ్యంతరంగా కొండెక్కి చూపించుకోవచ్చన్నారు.

"దానికి ఎనిమిదో నెలండి. బి.పి. ఉన్న మనిషిని అన్ని మెట్లు ఎక్కించి బి.పి. చూస్తారాండి?"

"గర్భవతులకు నడక శ్రేయస్కరమని మా కరపత్రములో స్పష్టముగా ఉన్నది" అని, ఒక కరపత్రం చేతిలో పెట్టారు. దాని మీద ఆయన బొమ్మే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అధికారి ముందు ఒళ్ళు మండితే ఏం చెయ్యాలో ఇడ్లీ కొట్టువాడికి ఎవరూ నేర్పలేదు. దండం పెట్టి వచ్చేశాను. వచ్చేటప్పుడు పెద్దాసుపత్రికి కూడా వెళ్ళి అడిగాను. బి.పి. కేసు అయితే మీ ఊరి గుడి నుంచి పంపాలి కదా, చర్చి మనిషిని మేమెలా చేర్చుకుంటాం అన్నారు. ప్రైవేటు ఆసుపత్రి మెట్లెక్కే తాహతు మాకు లేదు.

సువార్త మొండిది. ఎక్కుతాను అంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. మొదటి మండపం దాకా వెళ్ళేసరికి మొహం ఎర్రగా కందిపోయి కూలబడింది. పైనుంచి చూసిన డాక్టరమ్మ మిషను పట్టుకుని గబగబా దిగొచ్చింది, పరీక్ష చేసింది, మాత్ర మింగించింది. ఆ సాయంత్రానికే ఆమెకి మెమో వచ్చింది: విధి నిర్వహణ సమయంలో పవిత్ర ప్రాంగణం విడిచి వెళ్ళినట్టు ఫోను తెలియజేసినది, మరోసారి జరిగినచో సస్పెండు చేయబడుదురు. ఆ తర్వాత ఆమె దిగలేదు. ఆమెని తప్పుబట్టడానికి నాకు నోరు రాలేదు. ఇంటికి పెద్ద కూతురట, ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరిందట.

ఆషాఢంలో ఒకరోజు పొద్దున్న, నేను చట్నీ రుబ్బుతుంటే, అన్నయ్యా నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు అంది సువార్త. తలనొప్పి రాత్రి నుంచే ఉందట, నాకు చెప్పలేదు. కాళ్ళు చూస్తే చెప్పులు పట్టడం లేదు. అంబులెన్సుకి ఫోను చేస్తే, ఏ ఆరాధనా స్థలం నుంచి మాట్లాడుతున్నారని అడిగారు. ఇడ్లీ కొట్టు నుంచి అని చెబితే పెట్టేశారు. ఇరుగుపొరుగుని దాని దగ్గర కూర్చోబెట్టి నేను కొండెక్కాను. ఎలా ఎక్కానో నాకే తెలీదు.

డాక్టరమ్మ ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది, ఏడ్చేసింది. నేను దిగితే ఇవాళే నా ఉద్యోగం పోతుందండీ, ఆవిడని ఎలాగోలా మోసుకు రండి అంది. లేస్తే కళ్ళు తిరిగి పడిపోయే మనిషిని ఎలా మోసుకురాను? నేను ధ్వజస్తంభం దగ్గర కూర్చుండిపోయాను. లోపల నైవేద్యం పెడుతున్న ఆచార్యులు గారు మా మాటలు విన్నారు. బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, గోడ మీద ఆ జవాబు పక్కనే అంటించిన పథకం ఉత్తర్వుని మొదట్నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివారు. మూసేసిన గుళ్ళ పేరు చెప్పి ఎవరూ సిబ్బందిని వేయించుకోకుండా, అందులో ఆలయం అంటే ఏమిటో రాశారు. ఆలయమనగా దేవతామూర్తి కొలువై భక్తులకు దర్శనమిచ్చు స్థలము. వైద్య సిబ్బంది అచ్చటనే ఉండవలెను.

"డాక్టరుగారూ, మిషనూ మందుల సంచీ తీసుకోండమ్మా" అన్నారు ఆచార్యులు గారు. "ఉత్సవమూర్తిని కిందికి దింపుతున్నాను."

"ఇవాళ ఉత్సవం ఉందాండీ?" అందామె కళ్ళు తుడుచుకుంటూ.

"ఇప్పుడే మొదలైంది."

అంతే. పల్లకీ బయటికొచ్చింది. వంటాయనా, పువ్వులమ్మేవాళ్ళూ, తలనీలాలు తీసే వీరభద్రుడూ తలో కొమ్మూ పట్టారు. డోలూ సన్నాయీ వాళ్ళకి ఏ ఉత్సవమో తెలీక పెళ్ళి పాట ఎత్తుకున్నారు. పల్లకీ వెనక డాక్టరమ్మ, ఆమె వెనక నేను. నరసింహస్వామి అంత వేగంగా కొండ దిగడం మా ఊరు ఎన్నడూ చూసి ఉండదు. కింద వీధుల్లో ఆడవాళ్ళు హారతి పళ్ళేలతో అడ్డం వస్తుంటే, హారతులన్నీ ఆసుపత్రి దగ్గరే తల్లీ అని ఆచార్యులు గారు పల్లకీని ఎక్కడా ఆగనివ్వలేదు.

పల్లకీ ఆసుపత్రి ముందు దించాం. డాక్టరమ్మ ఫోనులో ముఖం చూపించి, "స్వామివారి సన్నిధి" అని నమోదు చేసి, మా ఇంట్లోకి పరిగెత్తింది. ఆమె మిషను పెట్టి చూసింది. నొప్పులు మొదలయ్యాయి, పట్నం దాకా ఆగదు, కాన్పు గది తెరవాలి అంది. తాళంచెవి చిదంబరేశ్వరరావు గారి ఆఫీసులో ఉంది. మౌల్వీ గారు మసీదు మరమ్మతు పని దగ్గర్నుంచి గునపం తెప్పించి, బిస్మిల్లా అని తాళం మీద ఒక్కటేశారు. మా పాస్టరు గారు నర్సమ్మని వెంటబెట్టుకొచ్చారు. నేనెక్కడుంటే అక్కడే ప్రార్థన, నువ్వు ప్రార్థన దగ్గరే ఉన్నావని రాసుకో అని ఆవిడకి ధైర్యం చెప్పారు.

లోపల మంచం కనపడలేదు. ఎటు చూసినా ఫ్లెక్సీలే. వాటినే మందంగా పరిచి, పైన మా ఇంటి దుప్పటి వేసి సువార్తని పడుకోబెట్టాం. బయట డోలు ఆపొద్దని ఆచార్యులు గారు సైగ చేశారు. డోలు ఆగితే ఉత్సవం అయిపోయినట్టు, ఉత్సవం అయిపోతే స్వామి కొండెక్కాలి, స్వామి కొండెక్కితే డాక్టరమ్మ కూడా ఎక్కాలి. వాళ్ళు వేళ్ళు వాచేదాకా వాయించారు. మధ్యాహ్నం దాటాక లోపల్నుంచి ఏడుపు వినపడింది. దుప్పటి జారిపోయి, సరిగ్గా చిదంబరేశ్వరరావు గారి చిరునవ్వు మీద నా మేనకోడలు పుట్టింది. సువార్తకి సూది మందు మీద సూది మందు ఇచ్చి, పొద్దుగుంకేదాకా డాక్టరమ్మ పక్కనుంచి కదల్లేదు. ఇక భయం లేదని ఆమె చెప్పినప్పుడు నేను కొట్టు వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

మూడోరోజు చిదంబరేశ్వరరావు గారు విచారణకి వచ్చారు. పూర్వానుమతి లేకుండా దేవుణ్ణి తరలించుట, ప్రచార సామగ్రిని దుర్వినియోగపరచుట, తాళమును ధ్వంసం చేయుట అని మొదలుపెట్టారు. ఇంతలో ఆయన గుమాస్తా చెవిలో ఏదో చెప్పాడు. పల్లకీ వెంట వచ్చిన జనం సంఖ్య రాష్ట్రంలోనే ఎక్కువట. అధికారి గారి మొహం విచ్చుకుంది. వెంటనే కెమెరా తెప్పించి, పసిబిడ్డని ఎత్తుకుని, ఈ పథకము వలన మీరు పొందిన లబ్ధి ఏమిటో చెప్పమ్మా అని సువార్తని అడిగారు.

సువార్త ఆయన చేతుల్లోంచి బిడ్డని తీసుకుంది. "ఆసుపత్రి మా ఇంటి ఎదురుగానే ఉందండి. దాని తలుపు తీయడానికి దేవుడే కొండ దిగొచ్చాడండి. మీరు దిగలేదు."

ఆ వారమే ఆసుపత్రి గేటు మీద పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. ఒకపక్క చిదంబరేశ్వరరావు గారు, ఇంకోపక్క మా సువార్త, మధ్యలో బంగారు రంగు అక్షరాలతో: "దేవుడే కొండ దిగొచ్చాడండి." మిగతా మాటలకి చోటు చాలలేదట. ఆచార్యులు గారు వెళ్ళి, ఇప్పుడైనా ఆసుపత్రి తెరిపించండని అడిగారు. విజయవంతమైన పథకము ఉండగా ఆసుపత్రి తెరిచినచో ప్రజలకు ఏమని సంకేతం పోవును అని అధికారి గారు ఎదురడిగి, కొత్త తాళం వేయించారు. ఊరేగింపులకి మాత్రం ఎప్పుడంటే అప్పుడు అనుమతి ఇచ్చేశారు, జనం బాగా వస్తారని.

అప్పట్నుంచి మా స్వామికి తీరిక లేదు. మౌల్వీ గారికి గుండెలో పట్టేసినట్టు ఉందన్న రోజున గరుడసేవ జరిగింది. బడిపిల్లలకి వాంతులు పట్టుకున్నప్పుడు రెండు పూటలా పల్లకీసేవ జరిగింది. ఆచార్యులు గారు పొద్దున్నే నా కొట్టు ముందు బల్ల మీద కూర్చుంటారు గాని పేపరు తెరవడం మానేశారు. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో ఎలా ఉందో నన్ను అడిగి, పల్లకీకి మనుషుల్ని చెప్పుకుంటారు. నిన్న మా వీధి చివరింటి నూకరత్నం గురించి అడిగారు, నేను చెప్పాను. ఈ గురువారం స్వామివారికి వసంతోత్సవమని సాయంత్రానికి ఊళ్ళో చాటింపు వేయించారు. కార్తీకమాసంలో వసంతోత్సవమేమిటని ఒక్కరూ అడగలేదు. నూకరత్నానికి తొమ్మిదో నెల.